ఇర్మెలి మంచు ఊడ్చిన ఉదయం

బన్నులు ఓవెన్‌లో పెట్టి, అవి కాలేలోగా బేకరీ కప్పు మీది సోలార్ ప్యానెళ్ళ మీద మంచు ఊడ్చి రావాలని ఆ ఉదయం ఇర్మెలి అనుకుంది. నిరుటి చలికాలమంతా ఆ పని ఆమె భర్త తౌనోదే, ఒక్కరోజు మానలేదు. మొన్న ఆకులు రాలే రోజుల్లో కేన్సర్‌తో పోయాడు. ఉత్తర ధ్రువానికి దగ్గర్లోని ఔలు పట్టణంలో డిసెంబరు సూర్యుడు ఇలా తొంగిచూసి అలా వెళ్ళిపోతాడు. ఆ కాస్త వెలుగునూ పోనివ్వకూడదని ఆమె పంతం.

పైకెక్కి పారతో ఒక్క తోపు తోసింది. మంచు పెళ్ళ అంచుదాకా జారి, నిచ్చెనను కూడా వెంటబెట్టుకుని వీధిలో పడింది. అయ్యో అనుకుంటూ ఆమె అంచు మీదికి వంగింది.

ఎదుటి సెలూన్ తెరుస్తున్న సిర్కాకు కనిపించింది వేరు. కొత్తగా మొగుణ్ణి పోగొట్టుకున్న స్నేహితురాలు కప్పు అంచున నిలబడి కిందికి చూస్తోంది.

"ఇర్మెలీ! దూకకే! నీకు దణ్ణం పెడతాను!"

"దూకక ఎలా దిగనే? నిచ్చెన పడిపోయింది!"

మొదటి సగం వినగానే సిర్కా ఫైరింజన్‌కు ఫోన్ చేసింది. బన్నుల కోసం కొట్లో కాఫీ తాగుతూ కూర్చున్న పాస్టర్ హన్ను చేతిలో కాఫీతోనే బయటికి పరుగెత్తుకొచ్చాడు.

"తౌనో ప్రశాంతంగా ఉన్నాడమ్మా. నువ్వు తొందరపడి వెళ్ళక్కర్లేదు."

"మంచు ఊడవడానికి ఎక్కానండీ!"

"మొదట అందరూ ఏదో ఒకటి చెబుతారు."

"అయితే బన్నులు మాడుతున్నాయి, అదైనా నమ్ముతారా?"

అదీ నమ్మలేదు. ఫైరింజన్ వచ్చేసరికి కొట్లోంచి పొగ వస్తోంది. వాళ్ళు పైనున్న మనిషిని వదిలేసి ఓవెన్ మీద నీళ్ళు కొట్టారు. మర్నాటికి కలిపి ఉంచిన పిండి కూడా నీళ్ళపాలైంది.

చివరికి వాళ్ళ నిచ్చెన మీద పాస్టరే పైకొచ్చాడు. ఊడ్చిన ప్యానెల్ చూసి నిట్టూర్చాడు.

"మార్చి దాకా ఈ ఊళ్ళో ఎవరూ ఊడవరమ్మా. ఊడ్చినా కరెంటు రాదు. తౌనోకీ తెలుసు."

"మరి రోజూ ఎందుకెక్కేవాడు?"

"ఏడవడానికి. జబ్బు సంగతి తెలిశాక. 'కింద ఏడిస్తే ఇర్మెలి చూస్తుంది' అన్నాడు. నీకు చెప్పొద్దన్నాడు."

ఇర్మెలి పార పక్కన పెట్టి ప్యానెళ్ళ మధ్య కూలబడింది. సమాధి దగ్గర కూడా రాని ఏడుపు అప్పుడొచ్చింది. పాస్టర్ ఓదార్చలేదు, తన కోటు విప్పి ఆమె భుజాల మీద కప్పి, వణుకుతూ పక్కన కూర్చున్నాడు.

మర్నాడు పొద్దున్నే ఆమె మళ్ళీ పైకెక్కుతుంటే సిర్కా అడిగింది: "మంచు ఊడవడానికేనా?"

"ఆఁ, రాత్రి బాగా పడింది."

"పడింది, పడింది," అంది సిర్కా.

గడిచిన రాత్రి ఔలులో మంచు పడలేదు.