కోళ్ళ భవిష్యత్తుకి మేయర్ గారి హామీ

"ఇకమీదట మా ఊళ్ళో ఏ కోడీ దిక్కులేనిది కాదు!" అని మా మిల్డ్రెడ్ ఫాల్స్ మేయర్ డ్వైట్ హావర్‌క్యాంప్ గారు మున్సిపల్ ఆఫీసు మెట్ల మీద నిలబడి ప్రకటించారు. చంకలో ఒక ఎర్రపెట్ట ఉంది. ప్రకటన మధ్యలో అది ఆయన కోటు మీద చెయ్యాల్సింది చేసింది. ఆయన చలించలేదు. ఎన్నికలు నవంబర్లో ఉన్నాయి.

కిందటేడు గుడ్ల ధర మండిపోయినప్పుడు ఆయన ఇంటింటికీ ఒక పెట్ట అని వాగ్దానం చేసి, మున్సిపల్ గ్యారేజీలో గుడ్లు పొదిగించారు. పిల్లలు పెరిగి పెట్టలయ్యేసరికి ధర దిగిపోయింది. ఇప్పుడు కోళ్ళు గ్యారేజీలోనూ, మంచు తోసే బళ్ళు వానలోనూ ఉన్నాయి. ఎలాగోలా వదిలించుకోవాలి. కానీ అయోవా రాష్ట్రంలో మా అంత జంతుప్రేమ ఉన్న ఊరు లేదు, అమ్ముతామంటే ఓట్లు పోతాయి. అందుకని మేయర్ గారు 'అమ్మకం' అన్న మాటనే నిషేధించారు.

"మేం అమ్మడం లేదు, కొత్తిల్లు చూస్తున్నాం. తీసుకునేవాళ్ళు సంతోషంగా పన్నెండు డాలర్లు కానుక ఇచ్చుకుంటారు. కానుక ఇవ్వకపోతే పెట్టని ఇవ్వం."

ఇంత సున్నితమైన హృదయం నేనెక్కడా చూడలేదు. నేను ఆయన అభిమానిని. అద్దెదారుణ్ణి కూడా. ఊరి చివర ట్రైలర్ ఇళ్ళ పార్కు, అంటే చక్రాల మీది రేకు ఇళ్ళ పేట, ఆయనదే. వినయం కొద్దీ బోర్డు మీద పేరు వేయించుకోలేదు.

శనివారం కౌన్సిల్ హాల్లో పెళ్ళిచూపులు మొదలయ్యాయి. పెట్ట కుర్చీలో కూర్చుంది. వచ్చినవాళ్ళు దాని ముందు నిలబడి సమాధానాలు చెప్పుకున్నారు.

ముందు వెర్న్ అనే ముసలి రైతు వచ్చాడు.

"పెట్టల్ని ఏం చేస్తారు?" అని మేయర్ గారు అడిగారు.

"పెట్టినన్నాళ్ళు గుడ్లు తింటాం. తర్వాత నూడుల్స్‌లో వేసుకుంటాం."

హాల్లో ఎవరో కెవ్వుమన్నారు. మేయర్ గారు గబగబా పెట్ట చెవులు మూయబోయి, అవి ఎక్కడుంటాయో తెలియక కళ్ళు మూశారు.

"బయటికి నడవండి!"

"నడుస్తాలే డ్వైట్. ముందు నీ గడ్డానికంటిన చికెన్ నగ్గెట్ పొడి తుడుచుకో" అంటూ వెర్న్ వెళ్ళిపోయాడు.

తర్వాత మా పక్క ట్రైలర్ లోర్నా ప్రూయిట్. ఆవిడకి డెబ్భై దాటాయి గానీ, నోటికి పాతికే.

"గుడ్లు పెట్టడం మానేశాక వీటి గతి ఏమిటమ్మా?"

"నాకూ మానేసి ఇరవయ్యేళ్ళయింది మేయర్ గారూ. నన్నెవరూ కోసుకు తిన్లేదుగా? అవీ నాతోపాటే కూచుని టీవీ చూస్తాయి."

హాలు గొల్లుమంది. మూడు పెట్టలు మంజూరయ్యాయి, ఇంటి తనిఖీ మాత్రం మిగిలింది.

లోర్నా ఇంట్లో హీటర్ కిందటి చలికాలంలోనే పాడైపోయింది. బాగుచేయించమని మేయర్ గారి ఆఫీసుకి ఫోన్లు చేసీ చేసీ ఆవిడ వేలు అరిగింది, ఎవరూ రాలేదు. కోళ్ళ సంక్షేమం చూసే బ్రెంట్ మాత్రం మర్నాడే వచ్చాడు. చలి ముదిరితే పెట్టల్ని ఇంట్లోకి తేవాలి గనక ఇల్లు కూడా చూడాలన్నాడు. కారే కప్పు కింద బకెట్ చూశాడు, గోడల మీద నల్లటి బూజు చూశాడు. మొహం పాలిపోయింది.

"అయ్యబాబోయ్! ఇక్కడుంటే ప్రాణాలు దక్కుతాయా అండీ?"

"నేను ఆరేళ్ళబట్టి ఉంటున్నానయ్యా."

"మీ సంగతి కాదమ్మా, పెట్టల సంగతి. మీకు రూల్సేం లేవు."

కౌన్సిల్ సమావేశంలో టీవీవాళ్ళ ఎదుటే బ్రెంట్ ఈ ఘోరం చెప్పాడు. మేయర్ గారు కళ్ళొత్తుకున్నారు.

"అలాంటి కొంప అద్దెకిచ్చే దుర్మార్గుడెవడు? వాణ్ణి ఈ ఊరు క్షమించదు!"

"మీరేనండీ" అంది లోర్నా.

ఇంకొకడైతే నీళ్ళు నమిలేవాడు. మా మేయర్ గారు ఒక్క దగ్గు దగ్గి, "ఆ యజమాని మనసు ఇప్పుడే మారింది" అన్నారు. చప్పట్లు మోగాయి.

ఆ వారంలోనే కప్పు బాగయింది, గోడలు బాగయ్యాయి, కొత్త హీటర్ వచ్చింది. దాని మీద 'పెట్టల సౌకర్యార్థం' అని రేకు కొట్టారు. పెట్టలూ వచ్చాయి. లోర్నా తన ఇంట్లో కోటు విప్పి కూర్చోగా చూడటం నాకదే మొదలు. నా కళ్ళు చెమర్చాయి, అసూయతో.

ఇంకేముంది, పార్కు పార్కంతా కోళ్ళకి అర్జీలు పెట్టింది. నాకు కోడంటే చచ్చేంత భయం. అయినా నాలుగు కావాలన్నాను. నా మంచం వాటికిచ్చి నేను కింద పడుకుంటానని కూడా రాశాను.

మేయర్ గారు ఒక చేత్తో ఆ అర్జీలూ, ఇంకో చేత్తో హీటర్ల ధరలూ పట్టుకుని కోళ్ళ భవిష్యత్తు గురించి గాఢంగా ఆలోచించారట. తర్వాతి శనివారం తనే ఒక అభ్యర్థిని వెంటబెట్టుకొచ్చారు. సూటు వేసుకున్న మనిషి, ఏదో పెద్ద మాంసం కంపెనీవాడు. మొహాన చెరగని చిరునవ్వు.

"మీ దగ్గర కప్పు కారుతుందా?"

"చుక్క కారదండీ."

"వెచ్చదనం?"

"కంప్యూటరే చూసుకుంటుంది."

"జబ్బు చేస్తే?"

"జీతమిచ్చి డాక్టర్ని పెట్టుకున్నాం."

"మరి ముసలితనంలో?"

"ముసలితనమనే బాధ మా దగ్గర ఇంతవరకు ఏ పెట్టా పడలేదండీ. ఒక్క ఫిర్యాదు రాలేదు."

హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. మంద మొత్తం ఒకే లారీ ఎక్కింది. ఒకే కుటుంబాన్ని విడదీయడం అమానుషమంటూ లోర్నా దగ్గరున్న మూడింటినీ వెనక్కి తీసుకెళ్ళారు. ఆవిడ గుమ్మంలో నిలబడి చూసింది. నాకు నిజంగా బాధేసింది. మేయర్ గారికి ఇంకా ఎక్కువేసింది, టీవీలో చూపించారు.

మంచు మొదలైన రోజున మేయర్ గారి పనివాడు స్పానర్ల పెట్టెతో వచ్చి లోర్నా తలుపు కొట్టాడు. పెట్టల్లేని ఇంట్లో పెట్టల హీటర్ ఎందుకని పంపారట. ఆవిడ తలుపు తియ్యలేదు.

"ఏవండీ, లోపల పెట్టలేమన్నా ఉన్నాయా?"

లోపల్నించి సన్నగా వినిపించింది.

"కొక్... కొక్కొక్కొక్..."

పనివాడు తలుపుకి చెవి ఆనించి శ్రద్ధగా విన్నాడు. ఫోన్ తీసి, "ఉన్నాయండీ" అని చెప్పి వెళ్ళిపోయాడు.

పెట్టలున్నాయనుకుంటే హీటర్ ఇస్తారేమోనన్న ఆశ, మిగతా ఇళ్ళకి తనిఖీ ఎప్పుడొస్తుందో తెలియదు గనక, ఇప్పుడు సాయంత్రమైతే పార్కంతా కొక్కొక్కొక్. నేనూ సాధన చేస్తున్నాను. ఎంత ప్రయత్నించినా నాకు పుంజు గొంతే వస్తోంది. కూత గోలని మా ఊళ్ళో పుంజుల్ని ఉండనివ్వరు.