మూత తీయకముందే తగ్గిన దగ్గు

కట్టంగూర్ దగ్గరి ఒక అంగన్‌వాడీ కేంద్రంలో చిన్నపిల్లల దగ్గును సోమవారం ఉదయం పదకొండు గంటలకు శాశ్వతంగా రద్దు చేశారు. చేసినవారు దాతల సంఘం అధ్యక్షులు శ్రవణ్‌కుమార్. వెంట రెండు పెట్టెల విటమిన్ చుక్కలు, ఒక ఫ్లెక్సీ, ముగ్గురు ఫొటోగ్రాఫర్లు వచ్చారు.

కేంద్రమంటే ఒకటే గది. పిల్లలు చాపల మీద, పప్పు కట్టెల పొయ్యి మీద. పొగగొట్టం కోసం టీచర్ ఆండాళు నాలుగు దరఖాస్తులు పెట్టింది. నాలుగింటికీ ‘పరిశీలనలో ఉన్నది’ అని ముత్యాల్లాంటి అక్షరాలతో జవాబొచ్చింది.

“విటమిన్ ఉన్నచోట దగ్గు నిలువజాలదు!” అని అధ్యక్షులు ఎత్తుకోగానే పిల్లలంతా ఖంగుఖంగున దగ్గారు. మైకు పెంచారు. దగ్గూ పెరిగింది. ఫొటోలు పాడవుతాయని పిల్లల్ని వాకిట్లోకి తరలించారు. గాలి తగిలి పావుగంటలో సద్దుమణిగారు.

“చూసిన్రా మందు పవరు!” అన్నారు అధ్యక్షులు.

చప్పట్లు మోగాయి. సీసాల మూతలింకా తీయలేదని చెప్పడం సభామర్యాద కాదని ఆండాళు ఊరుకుంది.

జబీన్ కొడుకు, మూడేళ్ల ముఖీత్ మాత్రం ఇంకా ఎగపోస్తున్నాడు. అంగీ ఎత్తి చూస్తే ఊపిరి తీసినప్పుడల్లా పక్కటెముకల కింద గుంట పడుతోంది. ఆండాళు పక్కనే ఉన్న తల్లి వైపు తిరిగింది.

“జబీనా, దవాఖానకు పోదాం. జల్ది!”

“గిప్పుడే చుక్కలిస్తున్నరు గద టీచరమ్మా. రెండు దినాలు చూస్త.”

“గియి చుక్కలతోని తగ్గేది గాదు. ఆటో ఎక్కు, నేను గూడ వస్త.”

అధ్యక్షులకు శాలువా కప్పాల్సిన టీచర్ సన్మానం మధ్యలో వెళ్లిపోయినందుకు సంఘం తీవ్ర విచారం ప్రకటించింది.

దవాఖానలో నిమోనియా అన్నారు. ఐదో రోజున పిల్లవాడు లేచి బిస్కెట్ కోసం ఏడ్చాడు. ఆ ఏడుపు విని ఆడవాళ్లిద్దరూ నవ్వుకున్నారు.

“విటమిన్లు తక్కువున్నోళ్లకు పనికొస్తయమ్మా,” అన్నాడు డాక్టర్. “పొగల కూసోవెట్టి చుక్కలు పోస్తే ఏం ఫాయిదా? పొయ్యి బయటికి మార్చున్రి. టీకాలు తప్పకుంట ఏయించున్రి.”

మర్నాడే ఆండాళు మూడు రాళ్లు పెట్టి పొయ్యిని వాకిట్లోకి మార్చింది. అనుమతి లేకుండా మార్చినందుకు సంజాయిషీ నోటీసు రెండు రోజుల్లో వచ్చింది. దీనికి ఏ పరిశీలనా అవసరం కాలేదు.

జబీన్ ఇంటికొచ్చిన రోజు ఆండాళుతోబాటు వాడకట్టు ఆడవాళ్లంతా మూగారు. పొగ సంగతి, టీకాల సంగతి ఆమె పూసగుచ్చినట్లు చెప్పింది. అందరూ శ్రద్ధగా తలలూపారు.

“అదంత మంచిగనే ఉందిగని,” పక్కింటి గుర్వమ్మ గొంతు తగ్గించింది, “బలానికి ఏం టానిక్ రాసిండో జర పేరు జెప్పు.”

ఆ పేరు ఎక్కడ వినపడకుండా పోతుందోనని ఆండాళు కూడా ఒక అడుగు ముందుకు జరిగింది.