ఎర్లీన్ మసాలా మూట: పోలీసు రికార్డు ప్రకారం

ప్రభుత్వ రికార్డులు ప్రజల సొత్తు. ఈ మాట మా హార్డెస్టీ కౌంటీ పోలీసు శాఖ ఆఫీసులో, గుమ్మం ఎదురుగా, జానెడేసి ఇత్తడి అక్షరాలతో రాసి ఉంటుంది. సొత్తన్నాక జాగ్రత్త చెయ్యాలి గదా! అందుకే దాన్ని మందపాటి అద్దం వెనక, ఇనుప బీరువాలో, సొంతదారులైన ప్రజల చేతికి అందకుండా ఎంతో శ్రద్ధగా దాచి ఉంచుతున్నారు. ఇరవై ఏళ్లుగా ఈ కౌంటీ వారపత్రికలో రాస్తున్నాను. ఇంత బాధ్యతగా నడిచే శాఖను మరొకదాన్ని చూడలేదు.

ఈ వేసవిలో ఆ సొత్తులోంచి ఒక్క కాగితం మా పక్కింటి డెల్బర్ట్ మెడ్లీకి కావలసివచ్చింది.

ఏటా ఆగస్టులో మా చర్చి పిక్నిక్‌కి ఇనుప కాగుల్లో బర్గూ వండుతాం. మటన్, కోడి, మొక్కజొన్న, క్యాబేజీ వేసి తెల్లవార్లూ తెడ్డుతో కలపడం కెంటకీలో ఎవరికైనా చేతనవుతుంది. మా చర్చిలో మాత్రం చివరికి డెల్బర్ట్ భార్య ఎర్లీన్ వచ్చి, తన గుడ్డమూట విప్పి, అందులోది వేసేది. అప్పటిదాకా పులుసుగా ఉన్నది అప్పుడు బర్గూ అయ్యేది. ముప్ఫై ఏళ్లు ఆమెదే పెత్తనం. మూటలో ఏముందో మొగుడికి కూడా చెప్పలేదు.

"నీ నోట్లో నువ్వుగింజ నానదు. పొద్దున నీకు చెబితే మధ్యాహ్నానికి బార్బర్ షాపులో చెప్పుకుంటారు" అనేది. (అన్యాయంగా అనలేదు. డెల్బర్ట్‌కి గుండె ఆపరేషన్ అని అతని పిల్లల కంటే ముందు బార్బర్‌కి తెలిసింది.)

మూడేళ్ల కిందట, సరిగ్గా పిక్నిక్ రోజున, ఆ మూటను ఎవడో కారులోంచి ఎత్తుకుపోయాడు. ఎర్లీన్ అగ్గిమీద గుగ్గిలమై పోలీసుల్ని పిలిపించింది. వచ్చిన ఆఫీసరు గార్లండ్ పేన్ ఫారం తీసి, "పోయిన వస్తువుల పట్టిక చెప్పండమ్మా. విడివిడిగా, తూకాలతో సహా" అన్నాడు. పోలీసుకు అబద్ధం చెప్పడం నేరం. చర్చి ఆవరణలో చెప్పడం పాపం. రెండూ ఒక్క నోటితో చెయ్యడానికి ఎర్లీన్‌కి మనసొప్పలేదు. డెల్బర్ట్‌నీ నన్నూ నలభై అడుగుల దూరం తరిమేసి, ఆఫీసరు చెవిలో మొత్తం చెప్పింది. ఆయన పెన్ను పదిహేడు వరుసలు దిగడం మేమిద్దరం దూరం నుంచే లెక్కపెట్టాం. తర్వాత ఆమె ఇంటికి పరిగెత్తి కొత్త మూట కట్టుకొచ్చింది. పిక్నిక్ దివ్యంగా జరిగింది. దొంగ దొరకలేదు.

మొన్న చలికాలంలో ఎర్లీన్ నిద్రలోనే కన్నుమూసింది. కాగితం ముక్క మీద కూడా ఏమీ రాసిపెట్టలేదు. ఇక ఆ రుచి ఈ భూమ్మీద మిగిలింది ఒక్కచోటే. కౌంటీ పోలీసు వారి దొంగతనం రిపోర్టులో.

"ఒక్కసారి అది నాలిక మీద పడితే చాలురా" అన్నాడు డెల్బర్ట్. "ఇంట్లో దాని గొంతు లేదు, దాని సణుగుడు లేదు. కనీసం ఆ బర్గూ అయినా దానిదే ఉండాలి." ముక్కు చీదుకున్నాడు. నాకూ ఏడుపొచ్చింది. ఇద్దరం నా కారులో బయల్దేరాం.

రికార్డుల కిటికీ దగ్గర ట్వైలా కూర్చుంటుంది. జ్ఞానస్నానం నాడు ఆమెను ఎత్తుకున్న జ్ఞానతండ్రి డెల్బర్టే. వీధిలో కనిపిస్తే "బాబాయ్" అంటూ మెడకు చుట్టుకుంటుంది. అద్దం వెనక కూర్చుంటే మాత్రం, నిబంధన నాలుగు-బి ప్రకారం, ఎవర్నీ ఎరగదు.

"దరఖాస్తుదారు గారి పేరు?"

"అదేంటే, నన్నెరగవూ?"

"ఎరిగినట్టు రుజువు ఏదైనా ఉందాండీ?"

డెల్బర్ట్ డ్రైవింగ్ లైసెన్సు ఇచ్చాడు. ఆమె ఫొటోనీ మొహాన్నీ మార్చి మార్చి చూసి, పోలిక ఉన్నట్టు నిర్ధారించింది.

"రిపోర్టు నంబరు చెప్పండి."

"నాకేం తెలుసు?"

"రిపోర్టు మీదే పైన ఉంటుందండీ."

"ఆ రిపోర్టు కోసమే గదే తల్లీ వచ్చింది!"

"అందరూ ఇదే కారణం చెబుతారండీ" అంది సానుభూతిగా.

పదిన్నరకి ఆమెకు విరామం. బయటికొచ్చి, కూల్‌డ్రింకు మెషీన్ పక్కన నిలబడి, "బాబాయ్, ఆ నంబరు నాకు నోటికొచ్చు, రాసుకో" అని చెప్పింది. "లోపలికెళ్లాక మాత్రం నేనే చెప్పానని నాకు చెప్పకు. నేను చాలా స్ట్రిక్టు."

పది నలభై ఐదుకి మళ్లీ అద్దం.

"నంబరు సరిపోయిందండీ. అయితే ఇందులో బాధితురాలు ఎర్లీన్ మెడ్లీ గారు. ఆవిడే స్వయంగా రావాలి."

"పోయిందే పిచ్చిదానా! నువ్వే గదే శవపేటిక పక్కన నిలబడి పాట పాడింది!"

"అవునండీ. పాట సగంలోనే ఏడ్చేశాను." ట్వైలా కళ్లు తుడుచుకుంది. "ఆవిడ రాలేకపోతే, రాలేనని ఒక కాగితం మీద సంతకం చేసి పంపమనండి."

ఇలాంటి చిక్కులకు శాఖలో ప్రత్యేకంగా 'రాలేనివారి వ్యవహారాల ఉపాధికారి' ఉన్నాడు. హోబర్ట్ క్లెమెంట్స్ అనే ఆ పెద్దమనిషి మరణ ధ్రువపత్రం తీసుకున్నాడు. పెళ్లి ధ్రువపత్రం తీసుకున్నాడు. ఆ పెళ్లి చివరిదాకా వాడుకలోనే ఉన్నట్టు ఒక పొరుగువాడి సాక్ష్యం కూడా అడిగాడు. ("రోజూ అరుపులు వినిపించేవి, ఆదివారాలు నవ్వులు కూడా" అని నేను రాసిచ్చాను. సంతృప్తి చెందాడు.) పదిహేను పనిదినాల్లో పని అయిపోతుందన్నాడు. పనిదినం అంటే పని జరిగిన దినం అని మాకు తర్వాత తెలిసింది.

జూన్ గడిచింది. జులై గడిచింది. పిక్నిక్‌కి నాలుగు రోజుల ముందు కవరొచ్చింది. డెల్బర్ట్ దాన్ని చించకుండా, కత్తి పెట్టి నెమ్మదిగా కోశాడు.

రిపోర్టు నిజంగానే వచ్చింది. తేదీ ఉంది, చర్చి పేరుంది, కారు రంగుంది. పోయిన వస్తువుల పట్టికలో పదిహేడు వరుసలూ ఉన్నాయి. అందులో పదహారింటి మీద బొగ్గులాంటి నల్లరంగు పట్టీలు. ఒక్క వరుస మాత్రం చదవడానికి వీలుగా ఉంది: ఉప్పు. (తూకం మీద మళ్లీ నలుపే.)

జతచేసిన ఉత్తరం ఇలా ఉంది: "సదరు పట్టిక వ్యాపార రహస్యం కిందికి వచ్చుచున్నది. బాధితురాలి సొత్తును ఇతరులు, ముఖ్యముగా ఆమె ఇంటివారు, కాజేయకుండా కాపాడుట ఈ శాఖ విధి. ఉప్పు సంగతి ప్రజలకు ఇదివరకే తెలిసియున్నందున విడుదల చేయడమైనది."

డెల్బర్ట్ కాగితాన్ని ఎండలో పెట్టి చూశాడు, బల్బు దగ్గర పెట్టి చూశాడు, తిరగేసి చూశాడు. చివరికి వాసన కూడా చూశాడు. అప్పీలు చేసుకోవచ్చు. అప్పీళ్ల సంఘం అక్టోబరులో కూర్చుంటుంది.

పిక్నిక్ రానే వచ్చింది. డెల్బర్ట్ ఎర్లీన్ ఏప్రన్ కట్టుకుని, దేవుడి మీద భారం వేసి, తనకు తోచినవన్నీ వేసి వండాడు. ఊళ్లోవాళ్లు మర్యాదస్తులు. తిన్నవాళ్లంతా అతని భుజం తట్టి, "ఉప్పు సరిగ్గా కుదిరింది డెల్బర్ట్" అన్నారు. పాపం, ఆ కాగు మధ్యాహ్నానికి కూడా సగం దిగలేదు.

జనమంతా మైదానం అవతల ఇంకో కాగు దగ్గర బారులు తీరారు. ప్రజలతో సత్సంబంధాల కోసం పోలీసు శాఖ ఈ ఏడే కొత్తగా బర్గూ మొదలుపెట్టింది. యూనిఫాం మీద ఏప్రన్ కట్టుకుని ఆఫీసరు గార్లండ్ పేన్ స్వయంగా వడ్డిస్తున్నాడు. ట్వైలా గిన్నెలు అందిస్తోంది.

"పద, చూద్దాం" అని డెల్బర్ట్‌ను లాక్కెళ్లాను.

అతను ఒక చెంచా నోట్లో పెట్టుకున్నాడు. నమలడం ఆపేశాడు. కళ్లు మూసుకున్నాడు.

"ఎర్లీన్" అన్నాడు.

నేనూ తిన్నాను. ఎర్లీనే. సందేహం లేదు. డెల్బర్ట్ ఏడుస్తూ నవ్వుతూ మొదటి గిన్నె ఊడ్చేశాడు, రెండోది ఊడ్చేశాడు, మూడోది చేతిలో పట్టుకుని అప్పుడు కోపం తెచ్చుకున్నాడు.

"ఏం వేశావయ్యా ఇందులో?"

"క్షమించాలి సార్, శాఖ రహస్యం" అన్నాడు గార్లండ్ వినయంగా. "బయటికి పొక్కితే ఎవరైనా కాజేస్తారు."

"కాజేసింది నువ్వు! నా పెళ్లాం మూట నీ కాగులో ఉడుకుతోంది! కేసు రాసుకో! ఇప్పుడే రాసుకో!"

"బాబాయ్, అరవకు, నీ గుండె!" అంది ట్వైలా.

గార్లండ్‌కి కోపం రాలేదు. విధి అంటే ప్రాణం పెట్టే మనిషి. గరిటె పక్కన పెట్టి, చేతులు ఏప్రన్‌కి తుడుచుకుని, జేబులోంచి ఫారం తీశాడు.

"పోయిన వస్తువుల పట్టిక చెప్పండి సార్. విడివిడిగా, తూకాలతో సహా."

డెల్బర్ట్ నోరు తెరిచాడు. నావైపు చూశాడు. కాగువైపు చూశాడు.

"ఉప్పు" అన్నాడు.

గార్లండ్ శ్రద్ధగా రాసుకున్నాడు.

"మిగతా పదహారూ చెబితేనే గానీ కేసు నిలవదు సార్" అని, నాలుగో గిన్నె నిండా పోసి అతని చేతికిచ్చాడు.