సముద్రపు మేడలో కొత్త బూట్లు

బడికి సెలవు వచ్చిన రోజు పొద్దున్నే డ్రాయింగు మాస్టారి భార్యకు సముద్రపు మేడ చూసి రావాలనిపించింది. ఒకప్పుడు ఓడల వర్తకుడెవరో కట్టుకున్న ఆ మేడను జనం చూడడానికి తెరిచి చాలా ఏళ్ళయింది. ఊళ్ళో వాళ్ళందరిలాగే ఆవిడా ఏనాడూ అటు తొంగి చూసిన పాపాన పోలేదు. కానీ ఆ మేడలో సందర్శకుల బాగోగులు చూసే ఆఫీసరు ఉద్యోగానికి ఆ రోజే మూడింటికి ఆవిడ తమ్ముడికి ఇంటర్వ్యూ. చదువు ముగిసిన దగ్గర్నుంచీ అక్కగారింట్లోనే ఉంటూ, అడిగిన ప్రతిచోటా లేదనిపించుకుంటున్న తమ్ముడు. ఈ ఉద్యోగమూ రాకపోతే వాడి గతేమిటని ఆవిడకు దిగులు. తన గతేమిటని మాస్టారికి దిగులు.

"వాడు పనిచేయబోయే చోటు ఎలా ఉందో ఓసారి చూడొద్దూ? భోజనాల వేళకి వచ్చేద్దాం," అంది ఆవిడ.

మాస్టారి బూట్లలో ఒకటి ముందు రోజే నోరు తెరిచింది. చెప్పులేసుకుని బయల్దేరబోతే ఆవిడ అడ్డం పడింది.

"మా తమ్ముడు ఆఫీసరుగా కూర్చోబోయే చోటికి ఆ టపటపలాడే చెప్పులతో వస్తారా? వాడి పరువేం కాను?"

గుమ్మం పక్కన బావమరిది కొత్త బూట్లు నల్లగా నిగనిగలాడుతున్నాయి. ఇంటర్వ్యూ కోసమే కొన్నాడు, ఇంకా ఒక్కసారైనా వేసుకోలేదు. రాత్రంతా ప్రశ్నలూ జవాబులూ బట్టీపట్టి ఇప్పుడు గదిలో గుర్రు పెట్టి నిద్రపోతున్నాడు.

"వాడు లేచేలోగా తెచ్చి ఎక్కడివక్కడ పెట్టేస్తాను. తుడిచి పెడితే బ్రహ్మకైనా తెలీదు," అన్నారు మాస్టారు. బూట్లు ఒక సైజు పెద్దవి. చెప్పకుండా తీసుకునేటప్పుడు సైజు బాలేదని ఎవరితో చెప్పుకుంటారు? బిగించి కట్టుకుని బయల్దేరారు.

మేడ తెల్లగా, పొడవుగా ఉంది. ముందు వరండా, లోపల అద్దంలా మెరిసే చెక్క నేల, వెనకవైపు నేరుగా నీళ్ళలోకి దిగే రాతిమెట్లు. గుమ్మం దగ్గర ఉండాల్సిన వాచ్‌మన్ టీ తాగడానికి వెళ్ళాడు. అతను ఆ టీ తాగకపోయి ఉంటే ఈ కథ లేదు.

మాస్టారి భార్యకు ఒక పద్ధతి ఉంది. ఎవరింటికి వెళ్ళినా, చివరికి అద్దెకు ఇల్లు చూడడానికి వెళ్ళినా, గుమ్మం బయట చెప్పులు విడవకుండా లోపల అడుగు పెట్టదు.

"ఇది ఇల్లు కాదే, జనం టికెట్టు కొని చూసే చోటు," అన్నారు మాస్టారు.

"మంచాలున్నాయా లేదా? వంటిల్లుందా లేదా? మరి ఇల్లు కాక ఇంకేమిటి? విప్పండి!"

మాస్టారు విప్పారు. పెళ్ళైన కొత్తలో ఇలాంటి వాటికి వాదించేవారు.

వెనకే వచ్చిన ఒక కొత్త జంట గుమ్మం ముందు మెట్ల మీద రెండు జతలు చూసి, ఇక్కడ ఇదే ఆచారం కాబోలనుకుని తామూ విడిచారు. ఆ తర్వాత ఒక బస్సు నిండా జనం దిగారు. నాలుగు జతలు చూసినవాళ్ళు ఎవర్నీ ఏమీ అడగరు. వాచ్‌మన్ టీ తాగి మూతి తుడుచుకుంటూ వచ్చేసరికి మెట్లు కనబడలేదు, జోళ్ళే కనబడ్డాయి. తను లేని కాసేపట్లో మేనేజరు కొత్త రూలేదో పెట్టాడనుకున్నాడు. రూలేమిటని అడిగితే డ్యూటీలో లేనని తెలిసిపోతుంది. అందుకని తన జోళ్ళూ విప్పేసి, గొంతు సవరించుకుని అరవడం మొదలుపెట్టాడు.

"జోళ్ళు బయట విడవండి! ఏమయ్యా, నీకు వేరే చెప్పాలా? విడువ్!"

మేనేజరు మేడ మీద గదిలోంచి దిగి వస్తూ చూశాడు. అంతా వట్టి కాళ్ళతో తిరుగుతున్నారు. మేడను నడిపే ట్రస్టు అధ్యక్షురాలు మూడింటికి ఇంటర్వ్యూలకు వస్తున్నారు. ఆవిడ ఆ ఓడల వర్తకుడి మనవరాలు. ఏ ఆర్డరైనా మేనేజరుకు చెప్పకుండా వాచ్‌మన్‌కే చెప్పేయడం ఆవిడకు అలవాటు. ఇదీ అలాంటిదే అయి ఉంటుందనుకుని, మేనేజరు అటూ ఇటూ చూసి, తన బూట్లు కూడా విప్పేశాడు. కాసేపు ఆలోచించి మేజోళ్ళు కూడా విప్పాడు.

"అమ్మగారు వచ్చేసరికి గుమ్మం ముందు ఈ కుప్పేమిటయ్యా? వెనక మెట్ల మీద సర్దించు," అన్నాడు వాచ్‌మన్‌తో.

సర్దడం అన్నాడు కానీ వాచ్‌మన్‌కు అంత ఓపికెక్కడిది? పాత కర్టెన్లలో మూటలు కట్టి, సముద్రం వైపు అడుగు మెట్ల మీద గుమ్మరించి వచ్చాడు. అప్పటికి అలలు దూరంగానే ఉన్నాయి.

లోపల మాస్టారి భార్య ఒక్కో గదీ కళ్ళారా చూస్తోంది. మాస్టారికి కాలు నిలవడం లేదు.

"వాడు లేచుంటాడే. బూట్ల కోసం వెతుక్కుంటూ ఉంటాడు. పద!"

"ఇదిగో, ఈ ఒక్క గదీ," అని ఆవిడ నాలుగు గదులు చూసింది.

భోజనాల వేళ కూడా దాటాక, చివరికి బయటికొచ్చి చూస్తే మెట్లు నున్నగా ఊడ్చినట్టున్నాయి. వెనక మెట్ల మీద ఉన్నాయన్నాడు వాచ్‌మన్. మాస్టారు వెనక్కి పరుగెత్తారు. సముద్రం పోటు మీదుంది. అడుగు మెట్లు నీళ్ళలో మునిగిపోయాయి, వచ్చిన జనం జోళ్ళన్నీ వరసగా ప్రయాణం కట్టాయి. దూరంగా రెండు నల్లటి బూట్లు పక్కపక్కనే, విడిపోకుండా, అలల అంచు దాటి పోతున్నాయి. మాస్టారు మోకాళ్ళ లోతు నీళ్ళలోకి దిగి చేతికందింది లాగారు. అది ఎవరిదో ఎత్తు మడమల చెప్పు.

గోల మొదలైంది. జనం వాచ్‌మన్ చొక్కా పట్టుకున్నారు. వాచ్‌మన్ మేనేజరు గారి రూలన్నాడు. మేనేజరు అమ్మగారి ఆర్డరన్నాడు. ఆర్డరేమీ లేదని ఇద్దరికీ ఒకేసారి అర్థమైంది.

"అసలు మొదట జోళ్ళు విప్పిందెవరు?" అని మేనేజరు గర్జించాడు. "వాళ్ళని నా ముందుకి పట్టుకురా! వాళ్ళనీ, వాళ్ళ వంశాన్నీ ఈ గేటు లోపలికి రానిస్తే ఒట్టు!"

ఆ వంశంలోవాడు కాసేపట్లో ఇంటర్వ్యూకి రావాలి. మాస్టారి భార్య భర్తను స్తంభం చాటుకు లాగింది. ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"వాడి నోటి దగ్గర కూడు నేనే లాగేశానండీ. నోరెత్తకండి, మీకు దణ్ణం పెడతాను."

మూడవుతుండగా అభ్యర్థులు వచ్చారు. ముగ్గురు బూట్లు టకటకలాడించుకుంటూ చెక్క నేల మీద నడిచి లోపలికి వెళ్ళారు. అందరికంటే ఆఖరున, ఇల్లంతా గాలించి, బూట్లు దొరక్క, స్నానాల గది స్లిప్పర్లతో చెమటలు కక్కుకుంటూ బావమరిది వచ్చాడు. గుమ్మం దగ్గర వాచ్‌మన్ మొదలు మేనేజరు దాకా అందరూ వట్టి కాళ్ళతో కనబడ్డారు. ఇంతకంటే అదృష్టమేముంటుందనుకుని ఆ స్లిప్పర్లు ఒక పూలకుండీ వెనక దాచేసి లోపలికి నడిచాడు.

అధ్యక్షురాలు పెద్దావిడ. గుమ్మంలోనే ఆగి, వట్టి కాళ్ళ జనాన్ని చూసి మురిసిపోయింది.

"మా తాతగారి రోజుల్లో ఈ నేల మీద ఒక్కరూ జోళ్ళతో నడిచేవారు కారు. ఇన్నాళ్ళకి మళ్ళీ చూశాను. ఎవరికొచ్చిందయ్యా ఈ బుద్ధి?"

"నాకేనమ్మా," అన్నాడు మేనేజరు, రెప్ప వేయకుండా.

ఇంటర్వ్యూ ఎక్కువసేపు పట్టలేదు. రాత్రంతా బట్టీపట్టిన జవాబుల్లో ఒక్కటీ పనికి రాలేదు. ఆవిడ నలుగురి కాళ్ళూ చూసింది.

"నీకెవరు చెప్పారు బాబూ, జోళ్ళు విడవమని?"

"ఎవరూ చెప్పలేదండీ. మా అక్క పెంపకం," అన్నాడు బావమరిది. బూట్లు పోయాయని చెప్పుకోవడం కంటే అది మర్యాదగా ఉంటుందని తోచింది.

ఉద్యోగం వచ్చింది, ఆ క్షణం నుంచే చేరమన్నారు. బయట జోళ్ళు పోయినవాళ్ళకు సర్దిచెప్పడం మొదటి పని. కొత్త ఆఫీసరు వరండాలో బల్ల వేయించుకుని కూర్చున్నాడు. గోడ వారగా జారుకోబోతున్న మాస్టారిని వాచ్‌మన్ జాలిపడి పట్టుకున్నాడు.

"మీవీ పోయాయిగా సార్! మొహమాటపడతారేం? చెప్పుకోండి," అని నేరుగా బల్ల ముందు నిలబెట్టాడు.

బావమరిది తలెత్తి బావను చూశాడు. స్తంభం పక్కన అక్కను చూశాడు. మళ్ళీ బావ కాళ్ళు చూశాడు.

"ఏం పోయాయి సార్?"

"బూట్లు."

"రంగు?"

"నలుపు."

"పాతవా?"

"కొత్తవే. ఇవాళే మొదటిసారి వేసుకున్నాను."

"సైజు?"

"నాకైతే ఒకటి పెద్దవి."

"ఎక్కడ కొన్నారు?"

మాస్టారు సముద్రం కేసి చూశారు. పక్కనే నిలబడ్డ మేనేజరుకు అనుమానం వచ్చింది.

"ఈయన నీకు తెలుసా?"

"ఇప్పుడిప్పుడే తెలుస్తున్నారు సార్," అన్నాడు కొత్త ఆఫీసరు.

ఆ సాయంత్రం తమ్ముడికి ఉద్యోగం వచ్చిందని అక్కగారు వీధి వీధంతా చెప్పింది, వాడి బూట్లు సముద్రం పాలు చేసిన ఘనత మాస్టారిదని కూడా చెప్పింది. మొదట విప్పమన్నది ఎవరని మాత్రం ఆ ఇంట్లో ఇంతవరకూ ఎవరూ అడగలేదు.