దేవదూత గొంతు ధ్రువీకరణ

కళను మానవజాతి కనిపెట్టింది. దానికి దరఖాస్తు ఫారం కనిపెట్టిన ఘనత మాత్రం తెనాలిలోని కళాప్రదర్శనల అనుమతుల విభాగానిదే. ఆ ఫారం ప్రకారం కళలు ఐదు: చిత్రలేఖనం, శిల్పం, నాటకం, సంగీతం, ముగ్గులు. (ముగ్గులకు వేరే కౌంటర్ ఉంది.)

కొలకలూరు ఫ్లోరెన్స్ చేసిన దేవదూత ఈ ఐదింటిలో దేంట్లోనూ ఇమడలేదు. తప్పు ఆవిడదే. పాత బస్సు రేకులతో పన్నెండు అడుగుల దూతను నిలబెట్టి, వీపున సోలార్ పలకల రెక్కలు, కళ్లకు సినిమా హీరో నల్లకళ్లద్దాలు, గుండెలో టీవీ పెట్టింది. టీవీలో రాకెట్లు ఎగురుతుంటే లోపలి నుంచి ఆమె నాయనమ్మ వరమ్మ గొంతు కీర్తన పాడుతుంది. వరమ్మగారు చర్చిలో నలభై ఏళ్లు ముందుండి పాట ఎత్తిన మనిషి. ఇప్పుడు చూపు మందగిస్తోంది. అది పూర్తిగా పోయేలోపు, తన గొంతుతో పాడే దూతను ఆవిడకు నిండు హాల్లో చూపించాలని మనవరాలి తాపత్రయం. ఆదివారానికి హాలు దొరికింది. అనుమతి ఒక్కటే దొరకాలి.

సూపరింటెండెంట్ శేషగిరిరావుగారు దుర్మార్గులేం కారు. దూతను ఓపిగ్గా విడగొట్టారు. రేకుల్ని శిల్పంలో వేశారు. రాకెట్లను పెండింగులో పెట్టారు (భవిష్యత్తు ఇంకా రాలేదు కనుక). నల్లకళ్లద్దాలకు అభిమాన సంఘం నుంచి అభ్యంతరం లేదని కాగితం తెమ్మన్నారు. సంఘం వారు కాగితం ఇచ్చి, పాలాభిషేకానికి సమయం కూడా అడిగారు. ఇక మిగిలింది గొంతు. తొమ్మిదో నిబంధన ప్రకారం, గొంతు ఎవరిదో వారే స్వయంగా వచ్చి, పాడి నిరూపించుకోవాలి.

బుధవారం వరమ్మగారు ఆటోలో వచ్చారు. కీర్తన మొదలుపెడితే చరణాలన్నీ పాడాల్సిందే, వినేవాళ్లు లేచి నిలబడాల్సిందే. అది వాళ్ల పద్ధతి. ఆఫీసంతా నిలబడింది. నాలుగో చరణానికి శేషగిరిరావుగారి కళ్లు చెమర్చాయి. ముగ్గుల కౌంటర్ దగ్గర వరసలో ఉన్న నాకూ ఏడుపొచ్చింది, దాచుకోవడం దేనికి. ఆయన కళ్లు తుడుచుకుని, కూర్చుని, ఫైల్లో 'సరిపోలలేదు' అని రాశారు.

"ఏంటి సార్, ఆవిడే కదండీ!" అంది ఫ్లోరెన్స్.

"ఆవిడేనమ్మా, కాదనట్లేదు. కానీ రికార్డింగులో గొంతుకి పళ్లున్నాయి. ఈవిడకి లేవు."

"పోయినేడు పీకించుకున్నానయ్యా," అన్నారు వరమ్మగారు.

"పీకించుకునే ముందు మాకో అర్జీ పెట్టాల్సిందండీ, మామ్మగారూ."

"మరింక దారేం లేదా బాబూ?"

ఆయన నిబంధనల పుస్తకం మొత్తం తిరగేశారు. సాయం చేయాలని ఆయనకు నిజంగానే ఉంది. చివరి పేజీలో ముఖం విప్పారింది.

"ఎందుకు లేదండీ! గొంతు కలవారు చనిపోయుంటే పాడక్కర్లేదు. మరణ ధ్రువీకరణ పత్రం జతచేస్తే చాలు, ఆ రోజే అనుమతి ఇచ్చేస్తాం."

వరమ్మగారు మనవరాలి వంక చూశారు.

"ఎప్పట్లోగా తేవాలి నాయనా?"

"శుక్రవారం సాయంత్రం ఐదులోపండి. దానికి మీరు శ్రమపడి రానక్కర్లేదు, అమ్మాయి తెచ్చినా తీసుకుంటాం."