షెహాతా వేలి మీద ఎండ

ఆ ఉదయం డాక్టర్ ఇబ్తిహాల్ పథకం చాలా చిన్నది. ఎనిమిదింటికి తన పెట్టెతో ఒక మనిషి నెత్తురు కొలిచి చూసుకోవాలి. పదకొండింటికి డీన్ డాక్టర్ బలీగ్ ముందు అదే మనిషిని మళ్లీ కొలిచి, అదే అంకె చూపించాలి. నెగ్గితే అస్యూత్‌లోని కాలేజీ ప్రయోగశాల ఆమెకే ఉంటుంది. ఓడితే మధ్యాహ్నానికల్లా అందులో విరిగిన కుర్చీలు పేరుస్తారు. ఆ ఉత్తర్వు బలీగ్ జేబులోనే ఉంది. సంతకమొక్కటే తక్కువ.

ఆమె మూడేళ్ల శ్రమంతా అరచేతిలో పట్టే పెట్టె. అందులో దూర్చే పట్టీ మీద ఆప్టమర్లు, అంటే విటమిన్ డి తగలగానే చుట్టుకుని పట్టేసే డీఎన్‌ఏ పోగులు ఉంటాయి. ఒక్క నెత్తురు చుక్క వేస్తే పది నిమిషాల్లో అంకె వస్తుంది. "ఇంత ఎండ కాసే దేశంలో ఎండ విటమిన్ కొలవడానికో యంత్రమా?" అని బలీగ్ ప్రతి సమావేశంలోనూ మండిపడేవాడు.

పెద్ద అంకె చూపిద్దామని ఆమె గేటు కాపలాదారు షెహాతాని పిలిచింది. పెట్టె తొమ్మిది చూపించింది.

"ముప్పై ఉండాలి బాబాయ్. నీకు తొమ్మిదే."

"తొమ్మిదా? పాతికేళ్లుగా గేటు కాడే ఉన్నా డాక్టరమ్మా. నా మొహం చూడు, బొగ్గు నయం."

"గాజు గదిలో కూర్చుంటావు. మెడ నుంచి మడమల దాకా గలబియ్యా అంగీ, నెత్తిన పాగా. గాజులోంచి వేడొస్తుంది గానీ కావలసింది రాదు."

"అయితే పాతికేళ్లూ ఊరికే మాడానన్నమాట."

ఆమెకు చింత లేదు. చిన్నదైనా పెద్దదైనా, రెండుసార్లూ ఒకే అంకె వస్తే చాలు. కానీ షెహాతాకి అవమానం జరిగిపోయింది. అరగంటలో ఆవరణంతా అట్టుడికింది. "ముందు ఆ డబ్బాని కళ్ల డాక్టరుకి చూపించమనండి" అన్నారు గుమాస్తాలు.

షెహాతా భార్య ఉమ్మ్ సబ్రీ ఫూల్ అనే ఉడికిన చిక్కుళ్ల గిన్నెతో ఊడిపడింది. "మా ఆయనలో ఎండ లేదంటుందా? ఈ మాట మా పుట్టింటికి తెలిస్తే నా పరువేం కాను?" అంటూ మందుల కొట్లో కొన్న విటమిన్ డి మందు నింపిన రెండు గాజు ఆంపూల్స్ తీసింది. సూది మందే అయినా ఆ వీధిలో దాన్ని పొడిపించుకునేవాళ్లు తక్కువ, తాగేవాళ్లు ఎక్కువ. ఆవిడ రెండూ విరిచి, నూనెలాంటి ఆ మందుని చిక్కుళ్ల మీద పోసింది. షెహాతా రొట్టెతో గిన్నె ఊడ్చాడు. రొట్టె అయిపోయాక వేలితో ఊడ్చాడు.

బలీగ్ పది నిమిషాలు ముందే వచ్చాడు. ఇబ్తిహాల్ షెహాతా వేలు తుడవడానికి స్పిరిట్ సీసా అందుకుంది.

"ఆగండి. ఆ సీసాలో ఏం కలిపారో నాకేం తెలుసు? మోసమంతా అక్కడే ఉంటుంది. నేనే గుచ్చుతాను."

"తుడవకుండా గుచ్చకూడదు సార్."

"నాకు పాఠం చెప్పకండి."

గుచ్చాడు. పట్టీ మీద చుక్క వేశాడు. పది నిమిషాలు కాకముందే అంకె నలభై దాటింది, నూట ఇరవై దాటింది. మూడు వందల ఎనభై తర్వాత పెట్టె లెక్క మానేసి గీత చూపించింది.

"పొద్దున తొమ్మిది, ఇప్పుడు లెక్కకే అందదు" అన్నాడు బలీగ్. "పొద్దెక్కిందనా?"

"ఇప్పుడు నిజం చెప్పింది" అన్నాడు షెహాతా, మీసం సవరించుకుంటూ.

బలీగ్ ఉత్తర్వు బల్ల మీద పరిచి కలం తీశాడు. "నా పేరు కూడా రాశారా సార్?" అంటూ షెహాతా వంగి, సంతకం చేయాల్సిన చోటే వేలు ఆనించాడు. కలం జారింది. కాగితం మీద వేలంత మేర నూనె మరక తేలింది.

ఇబ్తిహాల్ అతని వేలు పట్టుకుంది. "పొద్దున ఏం తిన్నావు బాబాయ్?"

"ఫూల్. పైన రెండు ఆంపూల్స్."

"రెండూ ఒకేసారా? డాక్టరుని అడగకుండా ఇంకొకటి ముట్టుకున్నావంటే చూడు." ఆమె డీన్ వైపు తిరిగింది. ఈసారి గొంతు తగ్గించలేదు. "తిన్నది రెండు గంటల్లో నెత్తుట్లో ఇంత తేలదు సార్. నా పెట్టె కొలిచింది వేలికంటిన మందు నూనెని. మీరు తుడవనిచ్చి ఉంటే ఈ గీత వచ్చేదే కాదు."

షెహాతా చేతులు సబ్బుతో కడిగించి, స్పిరిట్‌తో తుడిచి, ఇంకో వేలు గుచ్చారు. తొమ్మిది.

"మళ్లీ తొమ్మిదేనా" అని ఉమ్మ్ సబ్రీ గుమ్మంలోంచి గొణిగింది.

"కాకతాళీయం" అన్నాడు బలీగ్. "నన్ను కొలవండి. నేను రోజూ ఎండలో తిరిగే మనిషిని." ఆయన తిరిగేది కారు నుంచి మెట్ల దాకా. చేతులు తనే రెండుసార్లు కడుక్కుని, వేలు తనే తుడుచుకుని, తనే గుచ్చుకున్నాడు. తప్పు పట్టడానికి ఇంకెవరినీ మిగల్చలేదు.

ఆరు.

బలీగ్ ఉత్తర్వుని నాలుగు మడతలు పెట్టి చెత్తబుట్టలో వేశాడు. "గది మీదే. ఈ అంకె మాత్రం బయటికి పొక్కకూడదు" అని, గుమ్మం దాకా వెళ్లి ఉమ్మ్ సబ్రీని మెల్లగా అడిగాడు: "ఆ మందుల కొట్టు ఎటువైపు?"

మర్నాటి నుంచి షెహాతా కుర్చీ గాజు గది బయటికి, ఎండలోకి వచ్చింది. డీన్ కారు రాగానే అతను తాడు లాగి గేటు తెరుస్తాడు గానీ, తనకన్నా మూడు తక్కువున్న మనిషి కోసం లేచి నిలబడడు.