అంకిత ఫోనులో నవ్విందెవరు?

"ఒరే లక్ష్మీపతీ, ఈ భూమ్మీద నేరస్థులు రెండే రకాలు. నాకు దొరికినవాళ్ళు, దొరకబోయేవాళ్ళు!"

అని ప్రకటించి గౌరీశంకర్ సోఫాలో కూలబడ్డాడు. టెక్సాస్‌లోని ఇర్వింగ్‌లో జూన్ ఎండ వంద ఫారెన్‌హీట్ డిగ్రీలు దాటింది. అతని ఒంటిమీద మాత్రం మోకాళ్ళ కిందికి దిగిన నల్లకోటు.

గౌరీశంకర్ లక్ష్మీపతికి ఇంజనీరింగ్ నాటి స్నేహితుడు. పగలు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్, మిగతా టైమంతా డిటెక్టివ్. ఇప్పటిదాకా పట్టుకున్న కారు దొంగ ఒక్కడే. పట్టుకున్నాక తెలిసింది, కారు నిజంగా అతనిదేనని. ఇలాంటివాణ్ణి లక్ష్మీపతి పిలుస్తాడా? పిలిచింది అతని భార్య పద్మజ.

వాళ్ళమ్మాయి అంకిత కాలేజీ తరఫున రెండు నెలలు బోట్స్‌వానా వెళ్ళింది. అక్కడి అభయారణ్యంలో టెంటులో ఉంటూ, జంతువుల్ని చూసి లెక్క రాయడం కోర్సు. ప్రతి శనివారం మధ్యాహ్నం ఫోన్ చేస్తుంది. అలాంటిది ఈసారి బుధవారమే ఆన్సరింగ్ మెషీన్‌లో మెసేజ్ పెట్టింది. తిరిగి చేస్తే క్యాంపులో ఎవరూ ఎత్తడం లేదు.

"వినండన్నయ్యగారూ," అని పద్మజ బటన్ నొక్కింది.

"హాయ్ అమ్మా! ఐ యామ్ ఫైన్. వాళ్ళు మళ్ళీ వచ్చారు, నా టెంట్ బయటే ఉన్నారు. సో క్యూట్! బై!"

ఆ వెనకే ఒక నవ్వు. హీ... హీహీ... హూహిహిహీ!

పద్మజ కళ్ళు తుడుచుకుంది. "రేపు శనివారం ఫోన్లో సరైన జవాబు రాకపోతే టికెట్ మార్పించి వెనక్కి రప్పించేస్తాను. క్రెడిట్లు పోతే పోనీ."

ఆ కోర్సు కోసం పిల్ల ఏడాదిపాటు ఎంత బతిమాలిందో లక్ష్మీపతికే తెలుసు.

గౌరీశంకర్ కళ్ళు మూసుకున్నాడు. "వయసు ముప్పై ఎనిమిది. చుట్ట తాగుతాడు. పైవరసలో రెండు పళ్ళు లేవు. గుంటూరువాడు."

"గుంటూరని ఎలా తెలిసిందిరా?"

"ఆ 'హీ'లో కారం వినపడలా? చెల్లెమ్మా, వీడు ఇక్కణ్ణుంచి అమ్మాయి వెంట వెళ్ళినవాడే. రేపు మీ ఇంట్లో తలా ఒక వంటా తెచ్చే పాట్‌లక్ ఉందిగా? రానివాడు దొంగ. వచ్చినవాడు కూడా దొంగే కావచ్చు, వెళ్ళొచ్చి ఉండొచ్చు!"

శనివారం మధ్యాహ్నం గౌరీశంకర్ పెరట్లో పులిహోర ట్రేల పక్కన మగవాళ్ళందరినీ వరసగా నిలబెట్టి, కరావోకే మైకు చేతికిచ్చాడు.

"నవ్వండి!"

రిటైర్డ్ డాక్టర్ సత్యంగారు కట్టుడుపళ్ళు సర్దుకుని, "నవ్వు రావాలి కదయ్యా," అన్నారు.

గౌరీశంకర్ ఒక జోకు చెప్పాడు. పెరడంతా శ్మశానంలా అయిపోయింది. చదువు ముగించి కొత్తగా హెచ్-వన్ ఉద్యోగ వీసాకి మారిన తేజేశ్వర్ మాత్రం మర్యాద కొద్దీ "హి" అన్నాడు.

"దొరికావ్! పాస్‌పోర్ట్ తియ్!"

"అన్నా, నేను టెక్సాస్ దాటి పోలేదన్నా! వీసా స్టాంపింగ్ కూడా కాలే, దేశం దాటితే మళ్ళా రానియ్యరు!"

"నవ్వుతో నవ్వు పోల్చి చూద్దాం!" అంటూ గౌరీశంకర్ మెషీన్‌ని పెరట్లోకి తెచ్చి, కరావోకే స్పీకరుకి తగిలించి, వాల్యూమ్ ఆఖరిదాకా తిప్పాడు.

హూహిహిహీ!

కంచె అవతల పొరుగాయన కుక్క మూలుగుతూ ట్రక్కు కిందికి దూరింది. గౌరీశంకర్ పోలిక కుదరక, ఆ నవ్వే పదకొండుసార్లు వేశాడు.

ఇరవై నిమిషాల్లో ఇంటిముందు ఒక వ్యాన్ ఆగింది. పొడవాటి కర్ర చివర ఉచ్చు పట్టుకుని ఒక యూనిఫాం మనిషి పెరట్లోకి వచ్చి, గుసగుసగా అడిగాడు.

"హైనా?"

గౌరీశంకర్ మొహం వెలిగింది. "చూశావురా, మనకోసం హిందీ నేర్చుకుని 'ఉంది కదా' అంటున్నాడు!" అని అటు తిరిగి తల ఊపుతూ, "హై, హై!" అన్నాడు.

ఆ మనిషి రేడియోలో, "ఉన్నమాట నిజమే. ఇంకో బండి పంపండి," అన్నాడు ఇంగ్లీషులో.

లక్ష్మీపతికి అప్పుడు తట్టింది. పరిగెత్తుకెళ్ళి మెషీన్ చూపించాడు. జంతువుల్ని పట్టే ఆ ఆఫీసర్ ఇంకోసారి విని, కర్ర దించి, పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఇది మచ్చల హైనా సార్. మీ పొరుగాయన మీరు దాన్ని పెంచుతున్నారని కంప్లైంట్ చేశాడు!"

"హైనా అంటే మన దుమ్ములగొండి!" అన్నారు సత్యంగారు.

తేజేశ్వర్ గడ్డిలో కూలబడి దణ్ణం పెట్టాడు.

"నేను పన్నిన వల ఇదే!" అన్నాడు గౌరీశంకర్, చెమట తుడుచుకుంటూ. "జంతువని మొదట్నుంచీ నా అనుమానం."

"మరి గుంటూరో?" అన్నాడు లక్ష్మీపతి.

అంతలో ఇంట్లో ఫోన్ మోగింది. పద్మజ ఒక్క ఉరుకున అందుకుంది.

"దుమ్ములగొండిని 'వాళ్ళు' అంటారటే? 'అవి' అనాలి! మూడ్రోజులు నిద్రలేదు నాకు!"

"ఓ! సారీ అమ్మా. నా తెలుగు గ్రామర్ బ్యాడ్."

"అంత దగ్గరికొస్తే భయం వెయ్యలేదా?"

"ఫస్ట్ డే ఏడ్చాను. ఇప్పుడు నవ్వు విని ఎవరో చెప్తాను. ప్రొఫెసర్ నా నోట్సే అందరికీ చూపించారు, అమ్మా."

లక్ష్మీపతి వచ్చి పద్మజ మొహంలోకి చూశాడు.

"ఇంతకీ ఆ నవ్వింది ఆడదా, మగదా?" అని అడిగిందామె.

"ఆడది. గుంపు మొత్తానికి బాస్. మగవాళ్ళంతా తనకి భయపడతారు."

పద్మజ మొహం తేటపడింది. మొగుడివైపు ఒకసారి, కోటులో ఉడికిపోతున్న గౌరీశంకర్‌వైపు ఒకసారి చూసింది.

"అయితే ఫర్వాలేదు, ఉండు. కోర్సు పూర్తిచేసుకునే రా. ఆవిణ్ణి అడిగానని చెప్పు."